ప్లాస్మా పీహెచ్‌డీ ఇంటర్వ్యూ: నన్ను గట్టెక్కించిన పాండరోమోటివ్ ఫోర్స్

రిజల్ట్ వచ్చింది, సీటు ఖాయమైంది. నెట్ (పీహెచ్‌డీకి అర్హత పరీక్ష) రాతపరీక్ష గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పాత పేపర్లు చేయండి, పార్ట్ సీలో తెలియని ప్రశ్న జోలికి పోకండి, నెగెటివ్ మార్కులు ముంచుతాయి. అసలు కథంతా ఇంటర్వ్యూలోనే.

సిలబస్‌లో ప్లాస్మా (ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే వాయువు) అంటే డిస్పర్షన్ రిలేషనే (వేవ్ ఫ్రీక్వెన్సీకీ, వేవ్‌లెంగ్త్‌కీ ఉన్న లింకు) కదా, అందరం దాన్నే బట్టీ కొట్టి వెళ్తాం. అది రాయించి ఒక సార్ అడిగారు: "వేవ్ బాగా పవర్‌ఫుల్ అయితే?" నేను ఎదురుచూస్తున్నది అదే!

ఫస్ట్ ఆర్డర్‌లో, అంటే మొదటి అంచనాలో, వేవ్ ఎలక్ట్రిక్ ఫీల్డ్ (E) వల్ల ఎలక్ట్రాన్ ఊగి ఉన్నచోటికే వస్తుంది, సగటు బలం సున్నా. కానీ ఫీల్డ్ ఒకవైపు ఎక్కువగా ఉంటే, ఆ వైపు ఊగినప్పుడు వెనక్కి గట్టిగా తోపు తింటుంది. అలా మెల్లగా ఫీల్డ్ తక్కువున్న చోటికి జరిగిపోతుంది. ఇదే పాండరోమోటివ్ ఫోర్స్, E² పెరిగే దిశకి (గ్రేడియంట్‌కి) ఎదురుగా. చార్జ్ కూడా స్క్వేర్‌లో వస్తుంది కాబట్టి అయాన్‌కీ అదే దిశ, కాకపోతే బరువు వల్ల లెక్కలోకి రాదు. లేజర్ బీమ్ మధ్యలో ఎలక్ట్రాన్లు పలచబడితే అక్కడ రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (కాంతిని వంచే గుణం) పెరుగుతుంది, ప్లాస్మా లెన్స్‌లా పనిచేసి బీమ్ తనంతట తనే ఫోకస్ అవుతుంది.

"డెన్సిటీ మారకపోతే?" అన్నారు. 1 మైక్రాన్ లేజర్ చదరపు సెంటీమీటరుకు 10¹⁸ వాట్లు దాటితే ఎలక్ట్రాన్ వేగం కాంతివేగానికి దగ్గరగా వస్తుంది, ద్రవ్యరాశి పెరిగి ప్లాస్మా ఫ్రీక్వెన్సీ (ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) తగ్గుతుంది, దాంతో బీమ్ మధ్యలో ఇండెక్స్ పెరుగుతుంది, ఫలితం మళ్లీ ఫోకసే అన్నాను. లేజర్ లేని ఉదాహరణ అడిగితే లక్సెంబర్గ్ ఎఫెక్ట్ చెప్పాను. 1933లో నెదర్లాండ్స్‌లో టెలెగెన్ అనే ఇంజినీరు ఒక స్విస్ రేడియో స్టేషన్ వింటుంటే వెనకాల రేడియో లక్సెంబర్గ్ వినపడింది. లక్సెంబర్గ్ స్టేషన్ బలమైన వేవ్ అయనోస్ఫియర్‌లో (వాతావరణం పైభాగంలోని ప్లాస్మా పొర) ఎలక్ట్రాన్లను వేడెక్కించి, అక్కడి స్విస్ వేవ్ శోషణని తన ప్రోగ్రామ్‌కి తగ్గట్టు మార్చేసింది. అప్పుడు నవ్వారు సార్.

ఇవన్నీ చదువుతుంటే కోచింగ్‌లో "సిలబస్‌లో లేదు, టైమ్ వేస్ట్" అన్నారు. ఇప్పుడు ఎవరి టైమ్ వేస్టయిందో చెప్పాలి! రీల్స్ చూసే గంటలో సగం పెట్టినా ఒక డెరివేషన్ పూర్తవుతుంది తమ్ముళ్లూ, ఫోన్ పక్కగదిలో పెట్టి కూర్చోండి.

నన్ను చివర్లో అడిగింది మీరూ చేసి చూడండి: స్టిమ్యులేటెడ్ రామన్ స్కాటరింగ్ (లేజర్ వేవ్ ఒక చెదిరిన వేవ్‌గా, ఒక ప్లాస్మా వేవ్‌గా విడిపోవడం) ప్లాస్మా డెన్సిటీ క్రిటికల్ డెన్సిటీలో (ప్లాస్మా ఫ్రీక్వెన్సీ లేజర్ ఫ్రీక్వెన్సీకి సమానమయ్యే డెన్సిటీ) పావు వంతు దాటితే ఎందుకు ఆగిపోతుంది? చెదిరిన వేవ్ బతకాలంటే దాని ఫ్రీక్వెన్సీ కనీసం ప్లాస్మా ఫ్రీక్వెన్సీ అంత ఉండాలి. అక్కడి నుంచి రెండు లైన్లే.