రిలీవర్ రాని రాత్రి

మొన్న వీక్లీ ఆఫ్ రోజు గాజువాకలో పొద్దున్నించీ ఒకటే వాన. ఎక్కడికీ కదల్లేక ఫోన్‌లో 'మెట్రోపోలిస్' పెట్టాను. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన జర్మన్ మూకీ సినిమా, 1927లో వచ్చింది. రాబోయే కాలంలో ఒక మహానగరం. డబ్బున్నవాళ్లు పైన మేడల్లో ఉంటారు, కూలీలు భూమి కింద.

మొదట్లోనే షిఫ్ట్ మారే సీను. తలలు దించుకుని ఒక వరుస లోపలికి వెళ్తుంటే, ఇంకో వరుస బయటికి వస్తుంది. వచ్చేవాళ్ల అడుగు వెళ్లేవాళ్ల అడుగులో సగం కూడా పడదు. పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా ఆవిడ చేయి ఆగింది. "సి షిఫ్ట్ అయ్యాక మీరూ బస్సు దిగి ఇలాగే వస్తారండీ" అంది. సి షిఫ్ట్ అంటే రాత్రి డ్యూటీ. నేనేమీ అనలేదు.

పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో తొమ్మిదేళ్లుగా రియాక్టర్ ఆపరేటర్‌ని. రియాక్టర్ అంటే మందుల రసాయనాలు తయారయ్యే పెద్ద పాత్ర. బ్యాచ్ నడుస్తున్నంతసేపూ టెంపరేచర్ చూస్తూ, అరగంటకోసారి రికార్డులో రాయాలి. పెరిగితే దాని చుట్టూ ఉండే జాకెట్‌లోకి బ్రైన్, అంటే చల్లటి ఉప్పునీళ్లు, వదలాలి. సినిమాలోనూ ఒక పెద్ద యంత్రానికి థర్మామీటర్ ఉంటుంది. దాన్ని చూసుకునే మనిషి అలసిపోయి కూలబడతాడు. పాదరసం పైకి ఎక్కుతూనే ఉంటుంది, అతని చెయ్యి వాల్వుకి అందదు. యంత్రం పేలిపోతుంది. గాయపడ్డవాళ్లను మోసుకెళ్లిన కాసేపటికే అక్కడ వేరేవాళ్లు నిలబడి పని చేస్తుంటారు.

అక్కడ కాసేపు ఆపేశాను. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగినప్పుడు మా అమ్మ నాకు వరసగా ఫోన్లు చేసింది. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి నాకు తెలీదు. బయటికొచ్చి ఫోన్ చేస్తే అమ్మకు మాట రాలేదు.

కానీ నా గుండె పట్టేసింది ఆ పేలుడు సీను కాదు. నగర యజమాని కొడుకు ఫ్రెడర్, పడిపోబోతున్న ఒక కార్మికుణ్ణి పట్టుకుని, అతని బట్టలు తను వేసుకుని, ఆ స్థానంలో నిలబడతాడు. ఆ కార్మికుడి టోపీ మీద 11811 అని నంబరు. పని ఏమిటంటే, గడియారంలాంటి పెద్ద చక్రం మీద ఏ బల్బు వెలిగితే ముల్లును అక్కడికి లాగాలి. లాగీ లాగీ చివరికి ఆ కుర్రాడు, ఈ పది గంటలు ఎప్పటికీ అవ్వవా అని తండ్రిని పిలుస్తూ ఏడుస్తాడు. మా ప్లాంట్ మాటలో అతను రిలీవర్, అంటే పనిలో ఉన్నవాణ్ణి పంపించి ఆ చోట నిలబడేవాడు. కూలబడుతున్నవాడికి రిలీవర్ దొరికాడు, అది చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండేళ్ల కిందట ఒక రాత్రి నాకు దొరకలేదు. రావాల్సినవాడికి జ్వరం. "ఒక్కరోజే కదా, చూసుకో" అన్నారు పైవాళ్లు. మధ్యాహ్నం రెండింటికి వచ్చినవాణ్ణి, తెల్లారి ఆరింటిదాకా అక్కడే. మూడింటప్పుడు టెంపరేచర్ 31 ఉంటే 21 అని రాశాను. అంకె కళ్లకు అలాగే కనిపించింది. అటు వచ్చిన కెమిస్ట్ కుర్రాడు మీటర్ చూసి పరుగెత్తి బ్రైన్ వాల్వు తిప్పాడు. ఏమీ కాలేదు. అతను నన్ను తిట్టలేదు, కూర్చోమని నీళ్లిచ్చాడు. ఈ సంగతి మా ఆవిడకు మొన్న సినిమా అయ్యాకే చెప్పాను.

ఆ సినిమాలో గడియారానికి పదే అంకెలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో పెద్దవాళ్లకు రోజుకు 9 గంటలే పరిమితి ఉండేది. దాన్ని 10 చేయాలని 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. వారానికి 48 గంటలు మారలేదంటారు. పదో గంటలో మీటరు ముందు నిలబడేవాడి కళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు, అందుకే ఆ నిర్ణయం తప్పనే అంటాను.

ఈ రాత్రి నాకు సి షిఫ్ట్. నాకు ముందు బి షిఫ్ట్‌లో ఉన్న అబ్బాయికి నెల కిందటే పాప పుట్టింది, ఇంట్లో నిద్ర ఉండటం లేదట. కంపెనీ బస్సు కోసం చూడను, బండి మీద పోతాను. తొమ్మిదిన్నరకల్లా అతని పక్కన ఉంటాను.