నీట మునిగిన నేలమాళిగ నుంచి పఠనాలయం దాకా: ఒక గ్రంథపాలకురాలి అనుభవం

గ్రంథాలయానికి ఆపద అనగానే చాలామంది మనసులో మెదిలేది మంటలే. ఈ వృత్తిలో ఉన్నవాళ్లం మాత్రం నిప్పుతో పాటు నీటికీ అంతే భయపడతాం, ఎందుకంటే అగ్నిప్రమాదంలో సైతం మంటలను ఆర్పడానికి చిమ్మిన నీరే ఎక్కువ పుస్తకాలను పాడుచేసిన సందర్భాలున్నాయి. 1988 ఫిబ్రవరిలో లెనిన్‌గ్రాడ్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్)లోని విజ్ఞానశాస్త్రాల అకాడమీ గ్రంథాలయం అంటుకున్నప్పుడు కాలిపోయిన సంపుటాలు లక్షల్లో ఉంటే, తడిసినవీ చెమ్మ పట్టినవీ 36 లక్షల దాకా ఉన్నాయి. 1986 ఏప్రిల్ 29న లాస్ ఏంజలిస్ కేంద్ర గ్రంథాలయంలో సుమారు 4 లక్షల పుస్తకాలు బూడిదైతే, పొగకూ నీటికీ దెబ్బతిన్నవి సుమారు 7 లక్షలు. ఈ అంకెలు నాకు చాలాకాలంగా తెలుసు. అయితే మా విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేలమాళిగలోకి మురుగు కాలువ ఎదురుతన్ని నీరు చేరిన తర్వాతే, వాటి వెనుక ఎంతమంది సిబ్బంది శ్రమ దాగి ఉందో నాకు పూర్తిగా అర్థమయింది.

ఆ నేలమాళిగలో పాత పత్రికల సంపుటాలు, పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు, కొంత మైక్రోఫిల్మ్ (పేజీలను చిన్న ఫొటోలుగా దాచిన ఫిల్మ్), అరుదుగా వాడే పుస్తకాలు ఉండేవి. కుండపోత వాన కురిసిన రాత్రి నీరు మోకాలి ఎత్తుకు చేరింది. కింది రెండు అరలు పూర్తిగా మునిగాయి. పై అరలు చూపుకు పొడిగానే ఉన్నా, గదిలో నిండిన తేమ వాటినీ వదలదని మాకు తెలుసు. వెచ్చని, గాలి ఆడని చోట తడిసిన కాగితానికి 48 నుంచి 72 గంటల్లో బూజు పడుతుంది. అంటే ఏం చేసినా ఆ గడువు లోపలే చేయాలి.

అయినా మేము మొదట చేసిన పని లోపలికి వెళ్లకుండా ఆగడం. విద్యుత్ విభాగం వారు వచ్చి సరఫరా పూర్తిగా నిలిపివేసి, గోడలూ నేలా పరీక్షించి, వెళ్లవచ్చునని రాతపూర్వకంగా చెప్పేదాకా ఒక్కరినీ మెట్లు దిగనివ్వలేదు. కళ్లెదుట పుస్తకాలు నానుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో ఆ ఉదయం అక్కడున్న వారందరికీ తెలుసు. కానీ పుస్తకం కోసం మనిషిని ప్రమాదంలోకి పంపే హక్కు ఏ గ్రంథపాలకుడికీ లేదని నా దృఢమైన అభిప్రాయం. పైగా వచ్చింది మురుగునీరు. అందువల్ల చేతి తొడుగులు, పొడవాటి రబ్బరు బూట్లు, ముక్కునూ నోటినీ మూసే మాస్కులు లేనిదే ఎవరూ పుస్తకాన్ని తాకకూడదన్న నియమాన్ని చివరిదాకా సడలించలేదు.

వేచి ఉన్న ఆ సమయాన్ని మేము పుస్తకాల ప్రాధాన్యాన్ని నిర్ణయించుకోవడానికి వాడుకున్నాం. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు అన్న ప్రశ్నకు జవాబు కేటలాగులో దొరకదు. ఈ అనుభవం మొత్తంలో అన్నిటికంటే బరువైన నిర్ణయం ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ప్రచురణకర్తల వెబ్‌సైట్లలో పూర్తి పాఠం దొరికే పత్రికల పాత సంచికలు తడిసిపోయినా, వాటి కోసం మనుషుల శ్రమ ఖర్చు చేయడం న్యాయం కాదు. మరో గ్రంథాలయంలో ప్రతి ఉన్న పుస్తకాన్ని కొనవచ్చు, లేదా అరువు తెచ్చుకోవచ్చు. ఒకే ఒక ప్రతిగా మిగిలిన సిద్ధాంత గ్రంథం పోతే మాత్రం, దాన్ని రాసిన మనిషి కృషి ఈ లోకంలో లేకుండా పోతుంది. ఈ తేడా అందరికీ తెలిసిందే, కానీ చీకటి గదిలో, ఉబ్బి ఒకదానికొకటి బిగుసుకుపోయిన సంపుటాల మధ్య ఆ ఒక్క ప్రతి ఎక్కడుందో ఎవరు చెప్పగలరు?

మా సీనియర్ అటెండరు ఒకరు చెప్పారు. నీటికి లేబుళ్లు ఊడిపోయి, అరలో పుస్తకం చోటు తెలిపే కాల్ నంబర్లు కనబడని స్థితిలో ఆయన కాగితం మీద నేలమాళిగ పటం గీసి, వరుసలకు గుర్తులు పెట్టి, “మేడమ్, ఈ మూలన కింది అర మొత్తం పాత సిద్ధాంత గ్రంథాలే. వీటికి ఇంకో ప్రతి పైన ఎక్కడా లేదు. పక్క వరుసలో ఉన్నవి సారాంశ పత్రికలు, వాటిని తర్వాత చూసుకోవచ్చు” అన్నారు. ఎన్నో ఏళ్లుగా ఆ అరల్లో పుస్తకాలు సర్దిన చేతులవి. మేము అంతకుముందు రూపొందించుకున్న అత్యవసర ప్రణాళికలో శాఖాధిపతుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్నాయి, అవి అవసరమే. కానీ అరల గురించిన జ్ఞానం ఎవరి దగ్గర ఉందో వారికి ప్రణాళికలో చోటు ఉండాలన్న విషయం నాకు ఆ ఉదయం స్పష్టమయింది. సిబ్బంది శిక్షణ గురించి నేను తర్వాత చేసిన ప్రతి ప్రతిపాదనకూ మూలం అక్కడే ఉంది.

లోపలికి వెళ్లాక ముందుగా ప్రతి వరుసనూ ఫొటోలు తీయించాం. బీమా పరిశీలకులకైనా, తర్వాత పుస్తకాలను రిజిస్టరు నుంచి తొలగించే సంఘానికైనా ఆ ఫొటోలే ఆధారం. ఆపైన పుస్తకాల తరలింపు మొదలయింది. తడిసిన పుస్తకం ఎంత బరువెక్కుతుందో మోసిన వారికే తెలుస్తుంది. 1840కి ముందు ముద్రితమైన పుస్తకాలు తమ బరువులో 80 శాతం దాకా, తర్వాతి కాలపు పుస్తకాలు 60 శాతం దాకా నీటిని పీల్చుకోగలవని పీటర్ వాటర్స్ అంచనా వేశారు. ఈయన 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది వరద ఫ్లోరెన్సు జాతీయ గ్రంథాలయాన్ని ముంచెత్తినప్పుడు అక్కడికి వెళ్లి పుస్తకాల పునరుద్ధరణకు నాయకత్వం వహించిన బైండరు, ఆ తర్వాత అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పనిచేశారు. తడిసిన పుస్తకాలతో ఎలా వ్యవహరించాలో ఈనాడు మనకు తెలిసిన దానిలో చాలా భాగం ఫ్లోరెన్సు బురదలో పనిచేసిన వారి చలవే. అందుకే పుస్తకాలను ప్లాస్టిక్ పెట్టెల్లో ఒకే వరుసగా, వీపు (కుట్టు ఉన్న వైపు) కిందికి ఉండేలా, మరీ బిగువుగా కాకుండా అమర్చాం. ఇద్దరు కలిసి ఎత్తగలిగినంతే ఒక పెట్టెలో ఉంచాం. మూసి ఉన్న పుస్తకాన్ని తెరవలేదు, తెరుచుకుని ఉబ్బిన దాన్ని బలవంతంగా మూయలేదు, అంటిన బురదను గుడ్డతో రుద్దలేదు. రుద్దితే బురద కాగితపు నారలోకి ఇంకిపోతుంది. ప్రతి పెట్టెకూ ఒక సంఖ్య, అది ఏ వరుస ఏ అర నుంచి వచ్చిందన్న వివరం నీటికి చెదరని పెన్సిలుతో రాసి జతచేశాం.

గడువు లోపల అన్నిటినీ ఆరబెట్టడం సాధ్యం కాదని తేలిపోయింది. అలాంటప్పుడు గడ్డకట్టించడమే మార్గం. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర బూజు పెరుగుదల ఆగిపోతుంది, సిరా మరింతగా పాకదు, మనకు ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. లాస్ ఏంజలిస్‌లోనూ తడిసిన పుస్తకాలను ఆహార పదార్థాల శీతల గిడ్డంగుల్లోనే భద్రపరిచారు. మా ప్రణాళికలో ఒక శీతల గిడ్డంగి యజమానితో ముందే మాట్లాడి రాసుకున్న ఒప్పందం ఉండటం వల్ల ఆ మధ్యాహ్నానికే మొదటి విడత పెట్టెలు వెళ్లాయి. ఆ ఒప్పందం లేకుంటే, తినే వస్తువుల పక్కన మురుగునీటికి తడిసిన పెట్టెలను ఎవరూ దించుకోనిచ్చేవారు కాదు. అందుకే వాటికి వేరే గదిని కేటాయించాలని ఆ పత్రంలోనే రాసి ఉంచాం.

ఆర్ట్ పేపరుపై ముద్రించిన సంపుటాలను ఆ మొదటి విడతలోనే పంపాం. ఆ నునుపైన పూత ఆరుతున్నకొద్దీ పేజీలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. ఒకసారి అలా జరిగాక వాటిని విడదీయడం దాదాపు అసాధ్యం. మైక్రోఫిల్మ్ చుట్టలను మాత్రం గడ్డకట్టించకుండా, ఆరనివ్వకుండా, శుభ్రమైన చల్లని నీటిలో ఉంచి ప్రయోగశాలకు పంపాం. కొద్దిగా మాత్రమే తడిసిన పుస్తకాలను పై అంతస్తులో విశాలమైన గదిలో బల్లల మీద నిలబెట్టి, పేజీల మధ్య అచ్చు లేని తెల్ల కాగితాలు పెట్టి, తడిసినవి తీస్తూ పొడివి మారుస్తూ ఆరబెట్టాం. ఫ్యాన్లను నేరుగా పుస్తకాల మీదికి తిప్పకుండా గదిలో గాలి కదిలేలా మాత్రమే ఉంచి, గాలిలోని తేమను లాగే డీహ్యూమిడిఫైయర్లతో సాపేక్ష ఆర్ద్రతను 50 శాతానికి అటూ ఇటూగా నిలపడానికి ప్రయత్నించాం. ఎండలో వేస్తే త్వరగా ఆరతాయని సలహా ఇచ్చిన వారు చాలామంది ఉన్నారు. ఎండకు కాగితం పెళుసెక్కుతుంది, అట్టలు వంకర్లు పోతాయి. కాబట్టి ఆ సలహాను వినయంగా పక్కన పెట్టాం.

ఆ తర్వాతి నెలలు బయటివారికి కనబడవు. గడ్డకట్టిన పెట్టెలను శూన్యంలో ఆరబెట్టే యంత్రం అందుబాటులో ఉంటే మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది, పుస్తకం ఆకారం చెడదు. 2004 సెప్టెంబరు 2న జర్మనీ నగరం వైమార్‌లోని అన్నా అమాలియా గ్రంథాలయంలో మంటలు చెలరేగినప్పుడు తడిసిన సంపుటాలను లైప్జిగ్‌కు పంపి ఈ పద్ధతిలోనే ఆరబెట్టారు. మాకు ఆ సౌకర్యం లేదు. అందువల్ల గిడ్డంగి నుంచి మేము చూసుకోగలిగినన్ని పెట్టెలనే ఒక్కో విడతగా తెప్పించి, కరిగించి, చేత్తోనే ఆరబెట్టాం. పని నెమ్మదిగా సాగింది. అయితే తొందర లేనందువల్ల ప్రతి పుస్తకాన్నీ చూసి, దీన్ని బైండింగుకు పంపాలా, పెట్టెలో భద్రపరిస్తే చాలా, స్కాన్ చేసి మూలప్రతిని తొలగించాలా అని నిర్ణయించగలిగాం. ఏదో కొన్నిటికి సంపూర్ణ చికిత్స చేసి మిగతావాటిని వదిలేయడం కంటే, అన్నిటికీ ముందు కనీస రక్షణ కల్పించి, విడతలవారీగా పై చికిత్సలకు వెళ్లడం మేలని నా నమ్మకం.

ఇదంతా జరుగుతున్నప్పుడు గ్రంథాలయాన్ని మూసివేయలేదు. పై అంతస్తు పఠనాలయాన్ని కొద్ది రోజులకే తెరిచాం. నేలమాళిగలో ఉన్న పుస్తకం ఎవరైనా అడిగితే ఇతర గ్రంథాలయాల నుంచి తెప్పించాం. కేటలాగు బ్యాకప్ మరో భవనంలో ఉండటంతో, ఏది ఎక్కడుందో, ఏది గిడ్డంగిలో ఉందో పాఠకులకు తెరమీదే చూపగలిగాం.

సిబ్బంది అలసట గురించి మాట్లాడకపోతే ఈ అనుభవం సగమే అవుతుంది. మొదటి రోజుల్లో అందరూ ఉత్సాహంతో పనిచేస్తారు, ఇంటికి వెళ్లమన్నా వెళ్లరు. ఆ ఉత్సాహం ఇంకిపోయాక, అదే పెట్టె, అదే వాసన, అదే కాగితం మార్చే పని మిగులుతుంది. చర్మంపై దద్దుర్లు, దగ్గు, నడుము నొప్పి మొదలవుతాయి. జాగ్రత్తగా చూసుకున్న సంపుటాలను పారేయమని రాసిన కాగితంపై సంతకం చేయాల్సి వచ్చినప్పుడు ఒక సహోద్యోగి కన్నీళ్లు పెట్టుకున్నారు. అది బలహీనత అని నేను ఎన్నడూ అనుకోలేదు. ఒక్కొక్కరూ బూజు గదిలో గడిపే గంటలకు పరిమితి పెట్టాం, ఉబ్బసం ఉన్నవారిని కేటలాగు పనికి మార్చాం, వారానికొకసారి పనిని ఆపి అందరం కూర్చుని ఏది బాగుంది, ఏది భారమవుతోంది అని మాట్లాడుకున్నాం. ఆ సమావేశాల్లో హోదా ప్రకారం కాకుండా గుండ్రంగా కూర్చోవాలని పట్టుబట్టాను. పని సులువు చేసిన సూచనల్లో ఎక్కువ భాగం అటెండర్ల నుంచీ పారిశుద్ధ్య సిబ్బంది నుంచీ వచ్చాయి.

పునరుద్ధరణ ఒక కొలిక్కి వచ్చాక యాజమాన్యం ముందు నేను ఉంచిన మొదటి ప్రతిపాదన కొత్త ర్యాకుల గురించి కాదు, శిక్షణ గురించి. ప్రతి బాధ్యతకూ ఒకరు కాక ఇద్దరు ఉండాలి, ఆ రెండోవారు హోదాలో చిన్నవారైనా సరే. విద్యుత్ నిలిపివేత కోరడం, గిడ్డంగికి ఫోన్ చేయడం, పెట్టెలకు సంఖ్యలు వేయడం వంటి నిర్ణయాలకు ఎవరి అనుమతికీ ఎదురుచూడనవసరం లేదని రాతలో ఉండాలి. ఏడాదికొకసారి, రిజిస్టరు నుంచి తొలగించిన పుస్తకాలను కావాలనే నీటిలో ముంచి, సిబ్బంది చేత నిజంగా పెట్టెల్లో సర్దించాలి. తడిసిన పుస్తకం ఎంత జారుతుందో, ఎంత బరువుంటుందో ఉపన్యాసం విని ఎవరూ తెలుసుకోలేరు. కొందరు దీన్ని వృథా ఖర్చు అన్నారు. పుస్తకాల బీమాకు ఏటా చెల్లించే సొమ్ము వృథా కానప్పుడు ఇదెలా వృథా అవుతుందని అడిగాను. చివరికి శిక్షణను ప్రత్యేక నిధిగా కాక గ్రంథాలయ వార్షిక బడ్జెట్లోనే ఒక పద్దుగా చేర్చారు.

ఇప్పుడు నేలమాళిగలో కింది అర ఖాళీ, అన్నీ నేలకు ఎత్తులోనే ఉంటాయి. ఒకే ప్రతి ఉన్న సిద్ధాంత గ్రంథాలు పై అంతస్తుకు మారాయి, వాటి స్కానింగ్ సాగుతోంది. ఆ సీనియర్ అటెండరు గీసిన పటాన్ని శుభ్రంగా తిరిగి గీయించి ప్రణాళికకు జతచేశాం, అరలు మారినప్పుడల్లా దాన్ని సరిదిద్దే బాధ్యత ఆయనదే. ఈ ఏడాది అభ్యాసానికి నాయకత్వం వహించేది కొత్తగా చేరిన సహాయ గ్రంథపాలకురాలు. ఆమెకు పటం చదవడం, ప్రాధాన్య జాబితాను ప్రశ్నించడం, అవసరమైతే నన్ను కూడా మెట్ల దగ్గరే ఆపడం నేర్పుతున్నాం.