మీటర్ 12 వోల్టులు చూపిస్తోంది, స్విచ్ మాత్రం లేవట్లేదు: నా అనుభవం

ఏళ్ల తరబడి ఆపకుండా నడిచిన 48 పోర్టుల పీఓఈ స్విచ్ అది, అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే ఫోన్లకి, కెమెరాలకి కరెంటు కూడా పంపే నెట్‌వర్క్ పెట్టె. యూపీఎస్ పని కోసం ర్యాక్ మొత్తం ఆపి, మళ్లీ ఆన్ చేస్తే లేవలేదు. సిస్టమ్ లైటు ఆకుపచ్చగా మినుకుమంటుంది, ఫ్యాన్లు జోరుగా తిరుగుతాయి, కాసేపటికి లోపల టిక్‌మని చప్పుడు, అన్నీ ఆరిపోతాయి. మళ్లీ మొదటికి. ఇప్పుడు బాగైంది, మళ్లీ ర్యాకెక్కింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నా.

తేలిక పనులు ముందు. పవర్ కార్డు మార్చాలి. పీడీయూని (ర్యాక్‌లో కరెంటు పంచే సాకెట్ల పట్టీ) పక్కనబెట్టి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టాలి. తర్వాత పోర్టుల్లో ఉన్నవన్నీ పీకేయాలి, ఫైబర్ మాడ్యూళ్లతో సహా. లోపల షార్ట్ అయిన ఒక్క ఎస్‌ఎఫ్‌పీ (ఆ ఫైబర్ మాడ్యూలే) చాలు, బోర్డు మీది 3.3 వోల్టుల లైనుని కిందికి లాగేయడానికి. పీఓఈ కేబుళ్లని అనుమానించేవాళ్లు ఎక్కువ గానీ, చాలా స్విచ్‌లు సెల్ఫ్ టెస్ట్ ముగిశాకే పోర్టులకి కరెంటు వదులుతాయి. అంతకుముందే చచ్చిపోతుంటే పాపం ఫోన్లది, కెమెరాలది కాదు. ఇంకొకటి. సిస్కో కేటలిస్ట్ 3650, 3850 రకాల్లోని 48 పోర్టుల వాటిలో, కేబుల్ తలకి రబ్బరు తొడుగు ఉంటే అది ఒకటో పోర్టు దగ్గరి మోడ్ బటన్‌ని నొక్కి పట్టుకుని స్విచ్‌ని దానంతటదే రీసెట్ చేసేయగలదు. తయారీదారే దీని మీద నోటీసు ఇచ్చారు. కేబుళ్లు పీకితే ఈ అనుమానమూ తీరిపోతుంది.

తర్వాత కన్సోల్, అంటే ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో తగిలించి స్విచ్ పంపే అక్షరాలు చూసే పోర్టు. వేగం 9600, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేదు. కొన్ని కంపెనీలవి 38400, 115200 కూడా ఉంటాయి. పిచ్చి అక్షరాలు వస్తే ముందు వేగం మార్చి చూడాలి. కొన్ని మోడళ్లలో మినీ యూఎస్‌బీ కన్సోల్‌లో కేబుల్ ఉంటే ఆర్‌జే45 వైపు అక్షరాలు కనిపిస్తాయి గానీ టైపు చేసింది లోపలికి వెళ్లదు. కీబోర్డుని తిట్టుకునే ముందు ఆ కేబుల్ పీకండి. స్విచ్ ఆన్ చేయకముందే టెర్మినల్‌లో లాగింగ్ పెట్టుకోండి, మొదటి అక్షరం నుంచీ కావాలి.

ఆ లాగ్‌లోనే సగం జవాబు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఫైలు పాడైతే స్విచ్ ప్రతిసారీ ఒకే వరుస దగ్గర ఆగుతుంది, లేదా బూట్‌లోడర్ (అసలు సాఫ్ట్‌వేర్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) ప్రాంప్ట్‌కి వచ్చి అక్కడే నిలకడగా కూర్చుంటుంది. కరెంటు చాలనప్పుడు ఒకసారి ఫ్లాష్ మెమరీ చదువుతూ, ఇంకోసారి ఫైలు విప్పుతూ, మరోసారి సెల్ఫ్ టెస్ట్ మధ్యలో తెగిపోతుంది. మాట మధ్యలో, అక్షరం మధ్యలో. మాది ఈ రెండో రకం. పవర్ బాగుండి, కన్సోల్‌లో ఒక్క అక్షరమూ రాకపోతే అది వేరే కథ: 2017లో బయటపడిన ఇంటెల్ ఆటమ్ సీ2000 ప్రాసెసర్ క్లాక్ లోపం లాంటివి ఆ కోవలోకి వస్తాయి. వాటికి చాలావరకు బోర్డు మార్చడమే.

ఇక సపోర్టు. ఇక్కడే నా ఓపిక కరిగిపోయింది. ముందు అడిగింది షో టెక్ అవుట్‌పుట్, నడుస్తున్న స్విచ్‌లో కమాండ్ కొడితే వచ్చే పూర్తి రిపోర్టు. లేవని స్విచ్‌కి షో టెక్! సీరియల్ నంబరు కోసం షో వెర్షన్ కొట్టమన్నారు, వెనకాల స్టిక్కర్ మీద అచ్చేసి ఉన్న నంబరుకి. లాగ్ పంపితే, సాఫ్ట్‌వేర్ ఫైలు పాడైనట్టుంది, ఎక్స్‌మోడెమ్‌లో (కన్సోల్ కేబుల్ మీదుగానే ఫైలు పంపే పాత పద్ధతి) ఎక్కించండి అని జవాబు. లెక్క వేసుకోండి. 9600 వేగంలో సెకనుకి 960 బైట్లు. 12 ఎంబీ ఫైలుకి మూడున్నర గంటలు దగ్గర దగ్గర. బూట్‌లోడర్‌లో వేగాన్ని 115200కి పెంచితే దాదాపు ఇరవై నిమిషాలు, అయ్యాక మర్చిపోకుండా ఆ సెట్టింగ్ తీసేయాలి. మొత్తం ఒక్క నిమిషం కూడా నిలబడని స్విచ్ ఇరవై నిమిషాలు ఎలా నిలబడుతుందని అడిగితే, "సర్, ప్రొసీజర్ అదే సర్" అన్నాడు ఆ అబ్బాయి. అతని మీద కోపం లేదు, చేతికిచ్చిన చీటీ చదువుతున్నాడు. చీటీ రాసినవాళ్ల మీదే. అడిగిన ఫారాలన్నీ నింపాక, పై అధికారి లైన్లోకొచ్చి, హార్డ్‌వేర్ వారంటీ గడువు దాటిపోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. ఆ మాట మొదటి ఫోన్‌లోనే చెప్పొచ్చు కదా! మీకు గడువు ఉంటే మాత్రం మూత విప్పకండి, సీలు పోతే ఆ మాత్రం హక్కూ పోతుంది. లాగ్ ఫైలు, లైట్ల వీడియో, స్టిక్కర్ ఫోటో ఒకేసారి పంపి, ఫైలు మార్చే దశ మీకు వర్తించదని ముందే రాసేయండి.

మా దానికి పోయే హక్కేమీ లేదు, విప్పేశాను. జాగ్రత్త: 230 వోల్టుల లైనులో పవర్ సప్లై ముందుభాగంలోని పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది. పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ ఉన్న సప్లైలో 400 దాకా. ప్లగ్ తీసినా కాసేపు అలాగే ఉంటుంది. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ వేసి దాని కాళ్లకి ఆనించి పట్టుకోండి, తర్వాత మీటర్‌తో చూసి 5 వోల్టుల లోపు ఉంటేనే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరులు దూరంగా ఉండండి.

బోర్డు నుంచి సప్లై కనెక్టర్ ఊడదీసి కొలిస్తే 12.08 వోల్టులు. చాలామంది ఇక్కడే మోసపోయి, సప్లై బాగుందని బోర్డు మీద పడతారు. లోడ్ లేకుండా కొలిచిన వోల్టేజ్‌కి విలువ లేదు. 10 ఓమ్‌ల, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెడితే 1.2 ఆంపియర్లు లాగుతుంది, రెండు పక్కపక్కన కలిపితే 2.4. మంచి సప్లై 11.4 కంటే కిందికి దిగకూడదు. ఇది ఒక రెసిస్టర్‌కే 11.2కి దిగింది, రెండోది కలపగానే 10 దాటి కిందికి జారి టిక్‌మని ఆరిపోయింది. కారు బల్బు పెట్టి చూసేవాళ్లున్నారు. చల్లని ఫిలమెంట్ మొదటి క్షణంలో ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, మంచి సప్లై కూడా రక్షణలోకి పోతుంది. రెసిస్టరే నయం, కాకపోతే చెయ్యి కాలుతుంది. ఒకవేళ లోడ్ కింద సప్లై నిలబడితే అప్పుడు బోర్డు మీదికి వెళ్లాలి. పవర్ తీసేసి 12 వోల్టుల లైనుకీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూడాలి. ఒక ఓమ్ లోపు ఉంటే షార్ట్. ప్రాసెసర్ కోర్ లైను మామూలుగానే తక్కువ చూపిస్తుంది, దాన్ని షార్ట్ అనుకోకండి.

దోషులు అవుట్‌పుట్ వైపు 2200 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్లు. ఒకటి తల ఉబ్బి, పైన గీతల దగ్గర గోధుమరంగు పెచ్చు కట్టింది. పక్కదాని తల సాపుగా ఉంది, కానీ ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) మీటర్‌లో ఒక ఓమ్ దాటింది. మంచిది ఓమ్‌లో వందో వంతుల్లో ఉండాలి. తల చూసి తీర్పు చెప్పొద్దనేది ఇందుకే. సప్లైని నడిపించే కంట్రోల్ ఐసీ పక్కన 47 మైక్రోఫారడ్, 50 వోల్టుల చిన్న కెపాసిటర్ కూడా మార్చేయాలి. ఏళ్లు నడిచి, ఒకసారి ఆపితే లేవని సప్లైలకి అదే మొదటి అనుమానితుడు. యూసీ3842 లాంటి ఐసీ 16 వోల్టులకి లేచి, 10కి దిగితే ఆగిపోతుంది. లేచిన క్షణంలో ఐసీకి అన్నం పెట్టాల్సింది ఆ చిన్నదే. అది ఎండిపోతే నడుస్తున్నంతసేపు ఎవరికీ తెలియదు.

మార్చేటప్పుడు మైక్రోఫారడ్ అదే ఉండాలి, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీలది, తక్కువ ఈఎస్‌ఆర్ రకం. చార ఉన్న వైపు నెగటివ్. ఎత్తు కూడా కొలుచుకోండి, మూత తగలకూడదు. ఫ్యాన్ మారిస్తే మూడు వైర్లదే పెట్టాలి. రెండు వైర్లది తిరుగుతుంది గానీ వేగం కబురు బోర్డుకి అందక ఫ్యాన్ పోయిందని అలారం కొడుతుంది.

రెండు రెసిస్టర్లతో మళ్లీ కొలిస్తే 11.96, కదల్లేదు. బోర్డుకి తగిలించాక సెల్ఫ్ టెస్ట్ పూర్తిగా పాసై, సిస్టమ్ లైటు ఆకుపచ్చగా నిలిచింది. సాఫ్ట్‌వేర్ ఫైలు పాతదే, అక్షరం చెక్కుచెదరలేదు. పీఓఈ పోర్టులన్నీ ఒకేసారి ఎక్కించకుండా ఎనిమిదేసి చొప్పున తగిలిస్తూ, మధ్య మధ్య ఎన్విరాన్‌మెంట్ స్థితి, పవర్ బడ్జెట్ చూసుకున్నాను. చివరగా రెండుసార్లు ప్లగ్ తీసి పది నిమిషాలు చల్లారనిచ్చి పెట్టాను, రెండుసార్లూ లేచింది. అదే ర్యాక్‌లో అదే వయసు స్విచ్‌లు ఇంకా ఉన్నాయి, వాటికీ కెపాసిటర్లు తెప్పించాను.