విలాలో ఫాదర్ లినీ రోజు

ఫిబ్రవరి 21న పొద్దున్నే, పసిఫిక్ దీవుల దేశం వనువాటు రాజధాని పోర్ట్ విలాలో డబ్బు మార్చుకుందామని వెళ్తే బ్యాంకులు మూసి ఉన్నాయి. చేతిలో ఇక్కడి డబ్బు, ఒక్క వటూ కూడా లేదు. టెన్షన్‌గా గెస్ట్‌హౌస్‌కి తిరిగొచ్చి అక్కడి పెద్దావిడని అడిగాను. "ఇవాళ ఫాదర్ లినీ పోయిన రోజు, సెలవు" అన్నారు, ఇంట్లోవాళ్ల సంవత్సరీకం గురించి చెప్పినట్టు.

ఆవిడే నా చేతిలో ఒక నాణెం పెట్టారు. ఈటె పట్టుకున్న నాయకుడు, వెనక గుండ్రంగా తిరిగిన పంది కోర, కింద బిస్లామా భాషలో "లాంగ్ గాడ్ యుమి స్టానప్". దేవుడిలో మనం నిలబడతాం అని అర్థం.

వాల్టర్ లినీ 1942లో పెంటెకోస్ట్ దీవిలో పుట్టారు. ఆంగ్లికన్ ఫాదర్ అయ్యారు. అప్పట్లో ఈ దీవుల పేరు న్యూ హెబ్రిడీస్. 1906 నుంచి బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఏలాయి. రెండు రకాల పోలీసులు, రెండు జైళ్లు. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లకి మాత్రం ఏ దేశ పౌరసత్వమూ లేదు! అది చదివినప్పటి నుంచీ నా మనసు కుదుటపడలేదు. పైగా మంచి భూములు తెల్లవాళ్ల కొబ్బరి తోటల కిందకి పోయాయి. లినీ 1971లో పార్టీ పెట్టడానికి ముఖ్య కారణం ఆ భూములే.

1980 జులై 30న వనువాటు స్వతంత్రమైంది, ఆయన తొలి ప్రధాని. సాంటో దీవిలో తిరుగుబాటు వస్తే పపువా న్యూ గినీ సైన్యాన్ని పిలిపించి అణచారు. దేశంలోకి అణ్వాయుధాలు రానివ్వనన్నారు. 1987లో పక్షవాతం, తర్వాత పార్టీలో గొడవలు, 1991లో పదవి పోయింది. చివరి ఏళ్లలో ఆయన మొండితనం పార్టీని చీల్చిందనే నేను అనుకుంటాను. అయినా భూమి అంతా ఆదివాసీ యజమానులదే, వాళ్ల వారసులదే అని రాజ్యాంగంలో రాయించుకున్న తరం ఆయనది. అంతకంటే పెద్ద పని ఏముంటుంది? ఇప్పుడు సముద్రం పక్క స్థలాలు 75 ఏళ్ల లీజుకి బయటివాళ్ల చేతుల్లోకి వెళ్తున్నాయని ఆవిడ బాధపడ్డారు.

మధ్యాహ్నం లాప్‌లాప్ పెట్టారు. కంద తురుము, కొబ్బరిపాలు ఆకుల్లో చుట్టి, కాల్చిన రాళ్ల మధ్య ఉడికించింది. పొగ వాసన ఇంకా పోలేదు.

"మీకు ఊళ్లో నేల ఉందా?" అని అడిగారు.

నా చదువు కోసం నాన్న రెండెకరాలూ అమ్మేశారని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. నా ఆకులో ఇంకో ముక్క వేశారు.