కొట్టేసిన మూడో పేరు: ఇన్‌ఫ్రారెడ్‌తో కూడా సగమే

నాలుగో ఆదివారం కూడా, పాత ఫొటో వెనక ఎవరో కొట్టేసిన ఆ ఒక్క పేరుకే బలి. పద్మావతా, సరస్వతా? మొత్తం రాత పొడవు 23 మిల్లీమీటర్లు, నా చిటికెన వేలి గోరుకి రెండింతలు ఉంటుందేమో, దాని కోసం పాత సీసీ కెమెరా విప్పేశాను, టేబుల్ లాంప్ మెడ విరగ్గొట్టాను, మెడ నొప్పి నాకూ వచ్చింది. అయినా తేలలేదు.

డీఎన్ఏ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా, అది పని చేసింది కాబట్టి. నాన్న డీఎన్ఏ టెస్టులో 843 సెంటీమోర్గన్ల (ఇద్దరికి ఎంత డీఎన్ఏ కలిసిందో కొలిచే లెక్క) మ్యాచ్ ఒకటి తగిలింది, ఆవిడ తాతయ్య మొదటి భార్య కూతురికి కూతురు. తాతయ్యకి నాయనమ్మ కంటే ముందు ఒక పెళ్ళయిందని మా ఇంట్లో ఒక్కరూ ఎప్పుడూ అనలేదు! ఏ బంధువుతో ఎన్ని సెంటీమోర్గన్లు కలుస్తాయో చెప్పే షేర్డ్ సీఎం ప్రాజెక్ట్ పట్టికలో సవతి అక్క కూతురికి సగటు 871, పరిధి 492 నుంచి 1315. అయితే సొంత పెదనాన్న పిల్లలకి కూడా సగటు 866 ఉంటుంది, పైగా బంధువుల్లోనే పెళ్ళిళ్ళు జరుగుతూ వచ్చిన కుటుంబాల్లో అంకె ఊరికే ఉబ్బిపోతుంది, కాబట్టి అంకె ఒక్కటే చూసి గంతులేయకండి. మాకు కాగితాలు కూడా కలిశాయి. ఆవిడ అమ్మమ్మ పేరు పద్మావతి. ఫొటో ఒక్కటీ లేదట.

నా దగ్గర ఒకటి ఉండొచ్చు. పెద్దత్త ఆల్బమ్‌లో ఐదుగురు వరసగా కూర్చున్న ఫొటో, మధ్యలో మూడో ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు. వెనకాల పెన్సిల్‌తో ఐదు వరసల్లో ఐదు పేర్లు. మూడో వరసని మాత్రం ఎవరో ఇంకు పెన్నుతో గిరగిరా గీసి కొట్టేశారు, ఎంత కోపంగా అంటే ఒకచోట పాళీ కాగితాన్ని చీల్చింది.

స్కానర్ దగ్గర మొదలుపెట్టా. ఎప్సన్ వీ600, 1200 డీపీఐ, 16 బిట్. (పాత ఫొటోలకి లోపల లెన్స్ ఉండే సీసీడీ స్కానరే కొనండి, పల్చటి సీఐఎస్ స్కానర్లలో కాగితం కాస్త పైకి లేచినా అక్కడ మసకే.) స్కాన్‌లో నీలం కాంతిని మాత్రమే చూపే బ్లూ ఛానల్లో నీలం ఇంకు తేలిపోతుంది, పెన్సిల్ నల్లగానే ఉండిపోతుంది, కనుక పది నిమిషాల పని అనుకున్నా. తేలిపోలేదు. ఒక మోస్తరుగా పలచబడి ఆగిపోయింది, అంటే ఇది మామూలు నీలం కాదు, బ్లూ-బ్లాక్, అందులో ఇనుము ఉంటుంది. ఇమేజ్‌జే అనే ఫొటో విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో డీస్ట్రెచ్ కూడా వేశా. గుహల్లో వెలిసిపోయిన బొమ్మల కోసం తయారుచేసిన ప్లగిన్ అది, చాలా చోట్ల అద్భుతంగా పని చేస్తుంది, ఇక్కడ మాత్రం హోలీ ఆడినట్టు రంగులే తప్ప అక్షరం లేదు.

తర్వాత పక్క వెలుతురు. టార్చిని కాగితానికి దాదాపు 10 డిగ్రీల కోణంలో పెట్టి నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు. గాడులు బ్రహ్మాండంగా కనిపించాయి, కానీ అన్నీ పాళీ గాడులే, పెన్సిల్ నొక్కు వాటి కింద నలిగిపోయింది.

365 నానోమీటర్ల యూవీ టార్చి పేరు విషయంలో ఏమీ చెప్పలేదు గానీ ఇంకోటి బయటపెట్టింది. కాగితం నీలంగా భగ్గున మెరిసింది! ఫొటో కాగితాల్లో ఆ మెరుపు తెచ్చే రసాయనాలు 1950ల నుంచే వాడకంలోకి వచ్చాయి. ఇంట్లో చెప్పే లెక్క ప్రకారం ఈ ఫొటో 1944 నాటిది. బట్టల సబ్బు మరక ఏదైనా మెరుస్తోందేమోనని ముందువైపు తెల్ల అంచు కూడా చూశా, అదీ మెరిసింది. అంటే ఫొటో తీసింది 1944లోనే అయినా, ఈ ప్రింట్ మాత్రం నెగెటివ్ నుంచి కనీసం ఆరేడేళ్ళ తర్వాత వేయించింది. అప్పటికి నాయనమ్మ ఇంటికి వచ్చేసింది. పెన్సిల్ రాత ఎవరిదా అని నాయనమ్మ నోటుపుస్తకం పక్కన పెట్టి చూస్తే అచ్చం ఆవిడ చేతిరాతే, ఆ సాగదీసిన దీర్ఘాలు ఇంకెవరివీ కావు. ఆవిడే రాసిందన్నమాట, తన కంటే ముందు వచ్చినావిడ పేరు (అది పద్మావతే అయితే). కొట్టేసిందెవరో? నాకు తెలియదు. గీతల్ని బట్టి చేతిరాత పట్టుకోలేం కదా. (టార్చి కొనేవాళ్ళకి: 395 అని రాసిన ఊదారంగు టార్చిలు దండగ, కాగితమంతా ఊదాగానే కనిపిస్తుంది. 365, దాని ముందు నల్ల గాజు ఫిల్టర్ ఉన్నదే తీసుకోండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, కొన్ని సెకన్లకి మించి వెలిగించకండి.)

ఇక అసలు గొడవ, ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనిపించని పరారుణ కాంతి. పెన్సిల్ అంటే గ్రాఫైట్, అది ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా నల్లగానే ఉంటుంది. మామూలు రంగు ఇంకులు చాలావరకు 850 నానోమీటర్ల దగ్గరే గాజులా పారదర్శకంగా మారిపోతాయి. ఇనుము ఉన్న ఇంకు మాత్రం మొండిది, 1000 దాటితే గానీ పూర్తిగా వదలదు. నా సీసీ కెమెరా రాత్రి మోడ్ 850. ఇది తెలిసే దిగా, సగమైనా పలచబడకపోతుందా అని.

మొదట 16 సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేములో పడింది, 1920 పిక్సెల్స్, అంటే మిల్లీమీటరుకి 12. పెన్సిల్ గీత మందం 0.4 మిల్లీమీటర్లు, ఐదు పిక్సెల్స్ కూడా రావు. లెన్స్ జిగురు గీకి, అర చుట్టు కంటే కాస్త ఎక్కువ బయటికి తిప్పితే 5 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ కుదిరింది, ఇప్పుడు వెడల్పు 6 సెంటీమీటర్లు, మిల్లీమీటరుకి 32. హమ్మయ్య అనుకుంటే ఫొటో 3 మిల్లీమీటర్లు వంకర తిరిగి ఉంది, మధ్య స్పష్టంగా ఉంటే చివరలు మసక. గాజు పలక పెట్టా, ఎల్‌ఈడీ ప్రతిబింబం సరిగ్గా మూడో వరస మీదే పడింది. కెమెరా ఎల్‌ఈడీలకి టేపు అంటించేసి, విడిగా 850 ఎల్‌ఈడీని పక్కనుంచి ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టి వెలిగిస్తే ఆ మచ్చ పోయింది (లాంప్ మెడ విరిగింది ఇక్కడే). గరుకుదనం తగ్గడానికి 16 ఫ్రేములు తీసి సగటు కట్టా, నాయిస్ నాలుగో వంతుకి దిగింది.

కనిపించింది! ఇంకు బూడిద రంగుకి దిగింది, దాని కింద నల్లగా అక్షరాలు. చివరిది తి, అందులో అనుమానమే లేదు. మొదటిది ప గానీ స గానీ. వరస కిందికి దిగిన ఒక వత్తు, ఎడమ చివర నుంచి 12, 14 మిల్లీమీటర్ల మధ్య. అంతే, మిగతాదంతా ఇంకు గుబురు.

కొలతలతో పట్టుకోవచ్చనుకున్నా. మిగతా నాలుగు వరసల్లో 21 అక్షరాలు, మొత్తం 118 మిల్లీమీటర్లు, అక్షరానికి 5.6. 23ని 5.6తో భాగిస్తే నాలుగు అక్షరాలు. పద్మావతి నాలుగు, సరస్వతి నాలుగు. రెండూ తితోనే ముగుస్తాయి, రెండింటికీ ఒక్కొక్క వత్తు! సరస్వతి అయితే మూడో అక్షరం 11.2 దగ్గర మొదలవ్వాలి, వత్తు దాని కిందే, సరిపోయింది. పద్మావతి అయితే నాయనమ్మ రాసే ప వెడల్పు 6.2, ఆ పక్కన ద్మా ఎలాగూ పెద్దది, వత్తు కుడికి జరిగితే 10 నుంచి 13 దాకా రావచ్చు, అదీ సరిపోయింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నాకు పద్మావతి కావాలి, ఆ సంగతి నాకు తెలుసు, అందుకే నా కళ్ళని నమ్మలేదు. ఏ పేరూ చెప్పకుండా చెల్లికి చూపించా. "పార్వతి" అంది టక్కున. దాంతో ఇంకో గంట. అది మాత్రం కాదని తేల్చగలిగా, ఎందుకంటే నోటుపుస్తకంలో నాయనమ్మ ఎక్కడ చూసినా వలపలగిలకే వాడింది, పార్వతి అని రాస్తే కింద వత్తు రాదు, పక్కన గిలక వస్తుంది. ఆ నోటుపుస్తకమే నా ఆశ మీద నీళ్ళు కూడా చల్లింది. మ వత్తు కోసం "అమ్మ" అన్న మాటలు పద్దెనిమిది కొలిచా, ఆవిడ మ వత్తు తోక కుడికి 4 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. ఇక్కడున్నది 2 మిల్లీమీటర్ల చిన్న ముద్ద. వ వత్తు లాగే ఉంది. అంటే సరస్వతి. మరి సరస్వతి ఎవరు?!

ఇంకు మిగులు తీసేద్దామని స్కాన్‌ని ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ మీద పేర్చి జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో డివైడ్ (ఒక బొమ్మని ఇంకోదానితో భాగించడం) కూడా చేశా. రెండు పిక్సెల్స్ తేడా వచ్చి మొదటి అక్షరం పొట్టలో లేని గీత పుట్టింది, ఓ పావుగంట అది ష అనుకుని షణ్ముఖి దాకా వెళ్ళొచ్చా. ఫొటోల్ని "బాగుచేసే" ఏఐ యాప్‌లు వాడమని ఇద్దరు సలహా ఇచ్చారు. దండం పెడతా, వద్దు, లేని గీతలు నేనే పుట్టించుకుంటున్నా, దానికి యంత్రం సాయం ఎందుకు.

వంశవృక్షం రాసుకునే గ్రాంప్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్రస్తుతానికి ఆవిడని "మూడో వరస" అనే పేరుతో, ఎవరికీ తగిలించకుండా ఎక్కించా. పెద్దత్తకి ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ చూపిస్తే కళ్ళజోడు లేదంది. కళ్ళజోడు మెడలోనే వేలాడుతోంది.

తర్వాతి ప్రయత్నం 950 ఫిల్టర్‌తో. అక్కడికి వెళ్ళేసరికి సెన్సర్ చూపు బాగా మందగిస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ సెకన్లలో పెట్టాలి, సీసీ కెమెరాతో అది కుదరదు, లోపల ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకునే ఫిల్టర్ పీకేసిన పాత డిజిటల్ కెమెరా ఒకటి అరువు అడిగా. ఇంకోటి, ఇన్నాళ్ళూ తట్టనందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నా: ప్రింట్ తర్వాత వేయించింది అయితే ఒక్కటే వేయించి ఉండరు కదా, కనీసం ఇంకో ఇద్దరి ఇళ్ళలో ఇదే ఫొటో ఉండాలి, వాటి వెనక ఎవరూ గీసి ఉండకపోవచ్చు. మ్యాచ్ ఆవిడ వాళ్ళమ్మ పెట్టె ఇంకా విప్పలేదట, వచ్చే శనివారం విప్పుతానంది. పేరు ఏమై ఉండొచ్చో ఆవిడకి చెప్పలేదు. ఫొటో దొరికితే ముందు వెనకవైపు తీసి పంపమన్నా.