ఏటికొప్పాకలో అమ్మతో ఒక పూట

సామర్లకోటలో ప్యాసింజరు ఎక్కి కూర్చున్నాక అమ్మ సంచిలోంచి చిన్న పొట్లం తీసింది. కర్రకు రంగు పట్టించే లక్క కడ్డీలు, నాన్న వాడగా మిగిలినవి, నాలుగు. ఎరుపువి రెండు, పసుపుది ఒకటి. నాలుగోది ఏ రంగో తెలియనంతగా మసిబారింది. "వీటిని అక్కడే ఎవరికైనా ఇచ్చేద్దాం. ఇంట్లో ఉంటే చీమలు కూడా ముట్టవు" అంది. నాన్న పోయి పదకొండు నెలలు. సంవత్సరీకం కాకుండా దూర ప్రయాణాలు వద్దని అత్తయ్య గొణిగింది గాని, లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక ఆయనకు ఏనాడూ దూరం కాలేదని అమ్మ వాదన.

నాన్నది సొంత పని. బజారు వెనక సందులో రేకుల షెడ్డు, కర్రను గిర్రున తిప్పి చెక్కే తరిమెన ఒకటి, గోడకు వరుసగా ఉలులు. మంచం కోళ్లు, ఉయ్యాల కడ్డీలు, కవ్వాలు, అప్పడాల కర్రలు చేసేవాడు. లక్క వేయడం కుర్రతనంలో రెండేళ్లు ఏటికొప్పాకలో ఉండి నేర్చుకున్నాడు. ఏటా సంక్రాంతికి ముందు పొద్దున్న బండికి అక్కడికి వెళ్లి, కాస్త అంకుడు కర్ర, రంగు కడ్డీలు కొనుక్కుని రాత్రి భోజనాల వేళకు వచ్చేసేవాడు. పక్క జిల్లాల నుంచి పది రోజుల పనికి పిలుపు వస్తే మాత్రం కదిలేవాడు కాదు. "పిల్లలు పడుకున్నాక ఇల్లు చేరే పని నాకొద్దు" అనేవాడు. అలా వదులుకున్న డబ్బెంతో అన్నయ్య ఒకసారి లెక్క కట్టి చూపించాడు. నాన్న ఆ కాగితం తిరగేసి వెనకవైపు మంచం కోళ్ల కొలతలు రాసుకున్నాడు.

నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగాం. పేరు చూసి నర్సీపట్నం వచ్చేసిందనుకుంటే తిప్పలే, ఆ ఊరు ఇంకా ఇరవై కిలోమీటర్లకు పైమాటే. ఏటికొప్పాక మాత్రం దగ్గరే. ఆటో చెరకు పొలాల పక్కనుంచి వెళ్లింది. వరాహ నది ఇసుకలో సన్నగా పారుతోంది.

ఊళ్లో అడుగు పెట్టగానే అరుగుల మీదనుంచి మోటార్ల రొద. అమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ చప్పుడు మా ఇంట్లో పదకొండు నెలలుగా లేదు.

అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. బాగా ఆరిన ముక్కను తరిమెనకు బిగించి, గిర్రున తిరుగుతుండగా ఉలితో రూపం తెస్తారు. అది ఇంకా తిరుగుతుండగానే లక్క కడ్డీని ఆనించి నొక్కితే, రాపిడి వేడికి కరిగి కర్రకు పట్టుకుంటుంది. పొయ్యి అక్కర్లేదు, కుంచె అక్కర్లేదు. చివర మొగలి ఆకుతో ఒత్తి పడితే నిగారింపు వస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి ప్రకృతి రంగులను ఈ పనిలోకి మళ్లీ తెచ్చినందుకే ఈ ఊరి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 జనవరి 26న ఢిల్లీ శకటం మీద ఈ బొమ్మలు కనిపించినప్పుడు నాన్న కుర్చీని టీవీ ముందుకు లాక్కున్నాడు. "అంత పెద్దవాటిని ఏ తరిమెనకు ఎక్కించారో!" అని ఒకటే నవ్వు.

నాన్నను ఎరిగిన పెద్దాయన ఒకరు ఇంట్లోకి పిలిచి మజ్జిగ ఇచ్చారు. గ్లాసు అందిస్తుంటే ఆయన బొటనవేలు చూశాను. గోరు చుట్టూ ఎర్రటి చార. చిన్నప్పుడు మేము నాన్న వేలు చూసి ఆ రోజు ఏ రంగు పని జరిగిందో చెప్పేసేవాళ్లం.

వసారా మూలన పాత చేతి తరిమెన ఉంది. ఒకరు తాడు లాగుతుంటే ఒకరు ఉలి పట్టాలి. పెళ్లయిన కొత్తలో నాన్నకు తాడు లాగింది అమ్మే. "మోటారు కొన్న రోజున నా ఉద్యోగం ఊడిందన్నయ్యగారూ" అంది. ఆయన నవ్వి, ఒక చిన్న ముక్క బిగించి "అయితే లాగు చెల్లెమ్మా, చూద్దాం" అన్నారు. అమ్మ కొంగు బిగించుకుని కూర్చుంది. నాలుగు లాగులకే లయ కుదిరింది. నేను వద్దందామనుకుని ఊరుకున్నాను.

ఆయన మసిబారిన కడ్డీ తీసుకుని ఆనించారు. మొదట నల్లటి పొర, ఆ వెనకే ఆకుపచ్చ.

అమ్మ తాడు ఆపేసింది. "ఆకుపచ్చా? మన షెడ్డులో ఆకుపచ్చ వస్తువేదీ నేను చూడలేదే!"

నేనూ చూడలేదు. నాన్న వేలికి ఆ రంగు అంటిన గుర్తు కూడా లేదు. ఎప్పుడు కొన్నాడో, దేనికి కొన్నాడో పెద్దాయనకూ తెలియదు. మిగిలిన మూడూ ఆయన చేతిలో పెట్టి, ఆ ఒక్కదాన్ని అమ్మ మళ్లీ పొట్లం కట్టుకుంది.

తిరుగు బండి ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద భుజం రుద్దుకుంటూ, ఊళ్లో తెలిసినవాళ్లలో ఉయ్యాల చేయించుకున్నదెవరో ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ కూర్చుంది.