కూరలో ఏదో కలిపారంది అమ్మ

మా ఇంట్లోకి జబ్బు అత్తాకోడళ్ల గొడవలా వచ్చింది. అందుకే చాలా నెలలు దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. కోడలు సరిగ్గా వండటం లేదని, తనను చూసి మూతి తిప్పుకుంటోందని అమ్మ అంటే, అందులో కొత్తేముంది? మా వీధిలో ఆ మాట వినపడని ఇల్లు లేదు.

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. పొలిమేర దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. అమ్మ పాతపట్నం వైపు పల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. ఇన్నేళ్లయినా ఆమె ఒడియా కూరగాయల బేరం వరకే. నాన్న పోయాక నాతో, మా ఆవిడతో, పిల్లాడితో ఉంటోంది. వయసు అరవైకి దగ్గర పడుతుండగా ఇది మొదలైంది.

ముందు కూర చేదుగా ఉందంది. తర్వాత తన కళ్లెదుట వండితేనే తింటానంది. తర్వాత అదీ మానేసి, తనే చోడి పిండి తెచ్చుకుని అంబలి కాచుకుని తాగేది. పక్కింటి ఒడియా మావుసి (పిన్నిగారు) దగ్గితే అది మా ఆవిడకి సైగ అనేది. కిటికీలకి పాత పేపర్లు అంటించింది. తల స్నానం చెయ్యకుండా శుక్రవారం దీపం ముట్టని మనిషి స్నానమే మానేసింది. రాత్రుళ్లు నిద్ర లేదు. ఎప్పుడు చూసినా తలుపు దగ్గర నిలబడి వింటూ ఉండేది. జాకెట్లు వదులైపోయాయి.

టెక్కలిలో ఉన్న మా అప్పకి రోజూ ఫోన్ చేసి, "నీ మరదలు నన్ను చంపేస్తందే" అని ఏడ్చేది. అప్ప నమ్మింది. ఏ కూతురు నమ్మదు? నన్ను నిలదీసింది, మా ఆవిడతో మాట్లాడటం మానేసింది. ఈ మాటలన్నీ మా ఆవిడ వింటూనే ఆ ఇంట్లోనే రోజూ వంట చెయ్యాల్సి వచ్చింది.

గొడవకీ జబ్బుకీ తేడా మాకు తెలిసింది సంక్రాంతికి. మా ఆవిడ పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో నేనూ అమ్మే. ఇక కలిపే మనిషి లేదు కదా, తింటుందనుకున్నాను. తినలేదు. ఇప్పుడు కుళాయి పైపులోంచి పంపిస్తున్నారంది. గొడవైతే అవతలి మనిషి పక్కకి తప్పుకుంటే కాస్తయినా చల్లారాలి. ఇది చల్లారలేదు, దారి మార్చుకుందంతే. పండగ అయ్యాక అప్ప వచ్చి అమ్మ పక్కనే పడుకుంది. అర్ధరాత్రి అమ్మ లేచి లైటేసి, అప్ప ముఖం పట్టుకుని చూసి, "నిన్ను కూడా మార్చేశారా?" అని అడిగిందట. పొద్దున్నే అప్ప వంటింట్లోకి వెళ్లి మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత మాకు మాకు తగువు లేదు.

మా వైపు ఇలాంటివాటికి మొదట గుర్తొచ్చేది గుణియా, అంటే భూతవైద్యుడు. బంధువులు తీసుకొచ్చారు. బియ్యం చల్లి, తాడు కట్టి, ఇంట్లో మనిషే చిల్లంగి పెట్టించిందని చెప్పి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మకి ఉన్న అనుమానానికి సాక్షి దొరికాడు. అందరూ ఇలాగే చేస్తారని అనను. పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి తీసుకెళ్తే మాత్రం అమ్మ కాసేపు నిమ్మళంగా కూర్చునేది. గుడి ఎప్పుడూ మానిపించలేదు. డాక్టరు కూడా మానమనలేదు.

ఇంకో సలహా కూడా వచ్చింది. అది ఎంతమంది ఇళ్లలో జరుగుతోందో తలుచుకుంటే భయమేస్తుంది. ఒక మందుల షాపాయన, "రుచీ వాసనా లేని చుక్కల మందుంది, సాంబార్లో కలిపేయండి, ఆమెకి తెలీదు" అన్నాడు. మా బావ కూడా మంచిదే కదా అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించండి. ఆమె భయమే అన్నంలో ఏదో కలుపుతున్నారని. కలిపితే ఆమె మాట నిజమైపోతుంది. ఒక్కసారి ఆ సీసా కంటపడితే ఇక జన్మలో మమ్మల్ని నమ్మదు, నమ్మకూడదు కూడా. పైగా ఎంత తిన్నదో తెలీకుండా ఎంత మందు లోపలికి వెళ్లిందో ఎవరికి తెలుస్తుంది? వద్దని తేల్చేశాం. తర్వాత డాక్టరు గారూ అదే అన్నారు.

మరి ఆస్పత్రికి ఎలా తీసుకెళ్లాలి? అప్ప విశాఖపట్నం అంది, అక్కడైతే అంతా తెలుగే కదా అని. మా వైపు చినవాల్తేరు అంటే చాలు, అక్కడి మానసిక ఆస్పత్రి అని విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మాట అమ్మ చెవిన పడి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. 14416కి ఫోన్ చేశాను. అది టెలీమానస్, మనసు బాధలకి ఫోన్లో సలహా ఇవ్వడానికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత నంబరు. భాష ఎంచుకునే వీలుంది. అవతలి ఆమె ఒక మంచి ప్రశ్న వేసింది: "మీ అమ్మగారు తనకి తానుగా ఏ బాధ గురించి చెప్తున్నారు?" నిద్ర లేదంటోంది, చెవుల్లో ఏదో హోరంటోంది అన్నాను. "అయితే ఆ రెంటి కోసమే రమ్మనండి. అబద్ధం కాదు కదా" అంది.

అలా బరంపురం బయల్దేరాం. మేం ఎక్కిన బస్సు టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా వెళ్తుంది. అంటే ఒడిశా వాళ్లం ఒడిశాకి వెళ్లడానికి ఆంధ్రా మొత్తం దాటినంత పని. అక్కడి మెడికల్ కాలేజీ ఆస్పత్రికి ఉన్నది మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు, అంటే మా పర్లాకిమిడి రాజుగారి పేరు. అమ్మకి ఆయన మీద గౌరవం. "రాజావారి ఆస్పత్రి" అంటే పేచీ పెట్టలేదు.

ముందు చెవి డాక్టరుకి చూపించాం. గుబిలి తీశారు, పరీక్ష చేశారు. రెండు చెవులకీ వినికిడి బాగా తగ్గింది. ఇది మాకు ఎంత పెద్ద సంగతో తర్వాత తెలిసింది. పెద్ద వయసులో వచ్చే ఇలాంటి అనుమానాలకి వినికిడి తగ్గడం ఒక తోడట. సగం సగం వినిపించే మాటల్లో మిగతా సగాన్ని భయం పూరిస్తుంది. పైగా మా వీధి మాట ఒడియా. మావుసి అరుగు మీద కూర్చుని ఎవరితోనో చేపల ధర మాట్లాడినా, అమ్మకి అది తన గురించే.

తర్వాత సైకియాట్రీ ఓపీ. డాక్టరు గారిది ఒడియా, హిందీ. మధ్యలో మాట అందించాల్సింది నేను. "వీడి పెళ్లాం నాకు విషం పెడతంది" అని అమ్మ అంటే, పక్కన మా ఆవిడ ఉండగా, అది నా నోటితో ఒడియాలో చెప్పాలి. రెండు ముక్కలు చెప్పేసరికి గొంతు పట్టేసింది. ఆయన గ్రహించి మమ్మల్నిద్దరినీ బయటికి పంపి, తెలుగొచ్చిన నర్సుని పిలిపించారు. బరంపురంలో తెలుగువాళ్లకి కొదవలేదు. మేం లేనప్పుడు అమ్మ చెప్పినవి మాకెప్పుడూ చెప్పనివి. రాత్రయితే ఇద్దరు ఆడవాళ్లు తన గురించి మాట్లాడుకుంటారట. లేస్తే 'లేచింది' అంటారట, నీళ్లు తాగితే 'తాగింది' అంటారట. తలుపు దగ్గర నిలబడి వినేది వాళ్లనే. ఫలానాది చెయ్యమని ఆ గొంతులు చెప్తున్నాయా, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా నర్సు అడిగిందట. రెంటికీ లేదంది. అవునని ఉంటే ఆ రోజే అడ్మిట్ చేసేవారు.

ఆ వయసులో మొదటిసారి ఇలా వస్తే నేరుగా మనసు జబ్బని రాసెయ్యరు. థైరాయిడ్, షుగరు, సోడియం, బీ12, యూరిన్ పరీక్ష, తలకి సీటీ స్కాన్, అన్నీ చేయించారు. ముసలివాళ్లకి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చినా మతి తప్పినట్టు మాట్లాడతారట. కాకపోతే అది రోజుల్లోనే మొదలై, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుందట. మతిమరుపు జబ్బేమో చూడటానికి గడియారం బొమ్మ గీయమన్నారు. అమ్మ గీసి, అంకెలన్నీ సరిగ్గా వేసి, "పదకొండూ పది" అని ముల్లులు కూడా పెట్టింది. చివరికి లేట్ ఆన్‌సెట్ స్కిజోఫ్రీనియా అన్నారు. నలభై దాటాక మొదలైతే ఆ పేరట, ఆ వయసులో ఆడవాళ్లలోనే ఎక్కువట.

మందు రిస్పెరిడోన్, చాలా తక్కువ మోతాదుతో. ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం నిరామయ కౌంటర్లో ఉచితంగానే ఇచ్చారు. నిద్ర కోసమని డాక్టరు గారే అమ్మకి చెప్పారు. ఆ గొంతుల వల్ల కలిగే భయం కూడా తగ్గుతుందని చెప్పారు, దాచలేదు. మాత్ర ఎవరు ఇవ్వాలన్నది పెద్ద ప్రశ్న. అమ్మే తేల్చింది: అట్ట చింపకుండా తన చేతికే ఇవ్వాలి, తనే చింపుకుంటుంది. అలాగే చేశాం.

ఇంట్లో ఎలా మాట్లాడాలో ఆయన చెప్పింది వినడానికి తేలిక. వాదించొద్దు, ఒప్పుకోనూ వద్దు. అంతవరకూ నేను చేసిందల్లా ఆమె ముందే కూర తిని చూపించడం. చూపిస్తే, "నీకు విరుగుడు ఇచ్చుంటది" అనేది. ఇప్పుడు, "నాకా వాసన తెలీటం లేదమ్మా, కానీ నీకు భయమేస్తందని తెలుస్తంది, ఏం చేస్తే నీకు నిమ్మళం?" అనేవాణ్ణి. ఒకరోజు సమాధానం వచ్చింది. తనకి వేరే పొయ్యి కావాలి, తన బియ్యం డబ్బాకి తాళం కావాలి. బంధువులు వేరు కాపురమా అని నవ్వారు. నేను చిన్న గ్యాసు పొయ్యి కొని వరండాలో పెట్టాను. తినడం ముఖ్యం, ఎవరు వండారన్నది కాదు. ఆ నెలలోనే జాకెట్లు మళ్లీ సరిపోయాయి.

మొదట నిద్ర వచ్చింది, వారం తిరక్కుండానే. తర్వాత స్నానం. గొంతులు తగ్గడానికి చాలా వారాలు పట్టింది. ఒక్కసారిగా పోలేదు, దూరం జరిగాయంది. కిటికీ పేపర్లు తనే ఒక్కొక్కటీ పీకేసింది. మధ్యలో ఒక భయం: నడక మారింది, అడుగు జరిపినట్టు నడిచేది, చేతులు బిగుసుకున్నాయి. ఆ మందుకి ఇది మామూలేనట. దానికి విరుగుడు మాత్ర ఉంది కానీ, ఈ వయసులో అది మతిమరుపు తెస్తుందని, ముందు మోతాదే తగ్గించి చూశారు. కుదిరింది. ఇలాంటప్పుడు చాలామంది మందు మొత్తం ఆపేస్తారు. డాక్టరుని అడక్కుండా ఆపితే జబ్బు మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

చెవి మిషను పెట్టించాక వచ్చిన మార్పు మందుతో సమానం అంటాను నేను. డాక్టరు గారు అంత మాట అనలేదు, ఇది నా లెక్క. మావుసి చేపల గురించి మాట్లాడితే అవి చేపలని వినపడుతోంది. ఇప్పుడు ఆ అరుగు మీద అమ్మ కూడా కూర్చుంటుంది, వచ్చీ రాని ఒడియాలో బేరాల గురించి తగువు పెట్టుకుంటుంది.

జబ్బు మొత్తం పోయిందా అంటే, అమ్మ తన అనుమానం తప్పని ఎప్పుడూ అనలేదు. "అప్పుడు కలిపేవోళ్లు, ఇప్పుడు మానేశారు" అంటుంది. మొదట్లో నాకు అది గుచ్చుకునేది. నమ్మకం చివరిదాకా మిగిలినా, దాని వేడి తగ్గితే చాలునన్నారు డాక్టరు. మా ఆవిడ సంగతి వేరు. "అత్తమ్మకి జబ్బని నాకు తెలుసు. కానీ ఆ మాటలు నన్నే కదా అంది" అంటుంది. దానికి నా దగ్గర మందు లేదు. ఊరంతా ఆమెను ఏ చూపు చూసిందో నాకు తెలుసు. జబ్బు మనిషిని అడిగినట్టు ఆ కోడల్ని ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు, అప్ప తప్ప.

2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. మళ్లీ జబ్బు ముదిరి తనకి తాను నిర్ణయం తీసుకోలేకపోతే, తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి ముందే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు. బాగున్నప్పుడే రాయించండని ఓపీలో చెప్పారు. అమ్మ నా పేరు రాస్తుందనుకున్నాను. అప్ప పేరు రాసింది. "నువ్వు మీ ఆవిడ మాట వింటావు" అంది. అది జబ్బు మాటో మామూలు తల్లి మాటో తేల్చుకోలేక నేనూ అప్పా నవ్వుకున్నాం.

పొయ్యి ఇంకా వరండాలోనే ఉంది. అమ్మ ఇప్పుడు కోడలు వండింది కూడా తింటుంది, ఇక తీసేద్దామా అని మొన్న అడిగాను. అమ్మ వద్దంది. వంటింట్లోంచి మా ఆవిడ ఇంకా గట్టిగా వద్దంది.